జాతీయ దినోత్సవాన పీత వేషం

మా రేవులోని చిన్న అక్వేరియాన్ని టోర్గున్ చూసుకునేది. అక్కడొక పీత ఉండేది. ఆ జాతి పీతలు ఒంటినిండా నాచు తగిలించుకుని శత్రువుల కంటబడకుండా బతుకుతాయి. మా జాతీయ దినోత్సవమైన మే పదిహేడున నార్వే జెండా వేషం వేస్తుందేమోనని టోర్గున్ తొట్టెలో ఎరుపు, తెలుపు, నీలం ఊలు ముక్కలు వేసింది.

పీత వాటిని ముట్టనైనా లేదు. ఎవరో స్వీడన్ యాత్రికుడి టోపీ నుంచి తొట్టెలోకి ఊడిపడ్డ పసుపు, నీలం కుచ్చును పోగుపోగుగా పీకి వీపునిండా అంటించుకుంది.

ఊరేగింపు సంఘం అధ్యక్షుడు హాల్‌స్టైన్ మాస్టారు అది చూసి మండిపడ్డారు.

"ఇవాళే దొరికిందా దీనికి స్వీడన్ జెండా? విప్పించు!"

"నేనేమైనా కట్టానా మాస్టారూ? కావాలంటే మీరే విప్పుకోండి. డెక్కతో పట్టిందంటే మాత్రం వదలదు."

మాస్టారు చెయ్యి తొట్టెలో పెట్టారో లేదో, పీత ఆయన బొటనవేలు పట్టేసింది. అంతలోనే బ్యాండు మోగిస్తూ బడిపిల్లలు, వెనకే ఊరంతా లోపలికొచ్చేశారు. మాస్టారు చెయ్యి తియ్యలేక, దాన్ని వెనకే ఉంచి జనంవైపు తిరిగి, వీపుతో తొట్టెను కప్పేసి, నిటారుగా నిలబడి, కళ్లవెంట నీళ్లు ధారలు కడుతుండగా జాతీయగీతం చివరిదాకా పాడారు.

అంతటి దేశభక్తుణ్ని ఎన్నడూ చూడలేదంటూ ఊరు ఆయన్ని మరో పదేళ్లకు అధ్యక్షుణ్ని చేసింది.