గుటకక్క గ్లాసు

ముందు ఆ కొళాయి కట్టేసి, ఇలా దగ్గరికి వచ్చి కూర్చో. నీళ్ళు ఊరికే కారిపోతుంటే నాకు మాట సాగదు. మా సందు చివర గొలుసుకి వేలాడుతుందే, ఆ స్టీలు గ్లాసు సంగతి చెబుతాను.

ఆ పొద్దున, మా పేటకి నీళ్ళు వదిలే గుటకక్క అప్పటికే వాల్వు తిప్పేసి, సందు చివరి కొళాయి దగ్గర నిలబడి ఉంది. మనిషి పొట్టి, భుజాలు మాత్రం వెడల్పు. తడిలో నానీ నానీ అరికాళ్ళు తెల్లగా పగిలి ఉండేవి. కుచ్చిళ్ళు ఎగదోపి, గొట్టంలో నిలవున్న మురికంతా కాలవలోకి పోనిచ్చింది. రోజూ చేసే పనే. తర్వాత చిన్న గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, క్లోరిన్ ఉందో లేదో తేల్చే మందుచుక్కలు వేస్తుంది. పసుపు రంగు తిరిగితే అవి తాగే నీళ్ళు. అప్పుడు అందరి ఎదుటా గ్లాసు నింపుకుని తను తాగుతుంది. ఆ గుటక దిగేదాకా ఎవరూ బిందె పెట్టరు. ఆమె అసలు పేరు ఆఫీసువాళ్ళకి తెలిసుండాలి, మాకు మాత్రం గుటకక్కే.

వాంతులూ విరేచనాలతో పేటంతా పడకేసిన ఏడాది మొగుడు పోయాక పెట్టుకున్న నియమం అది. అప్పటికి మరిది ఇంకా పలక పట్టే పిల్లాడు. ముద్ద కలిపి పెట్టి పెంచింది ఆమే. ఇప్పుడతనికి సందు మొదట్లో టీకొట్టుంది.

ఆ పొద్దున కూడా అలాగే చుక్కలు వేసింది. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. పారబోసి మళ్ళీ పట్టింది. మళ్ళీ తెల్లగానే.

"ఇవాళ ఎవరూ పట్టకండి."

"బాగుందమ్మా! రాణీగారు రుచి చూస్తేగానీ మా బిందెలు నిండవు!" అంది ఇస్త్రీబండి ఆవిడ.

"నీ నోరే కొళాయి అయ్యుంటే ఈ పేటకి కరువే ఉండేది కాదు. కాస్త జరుగు."

అందరం నవ్వాం. చంటిబిడ్డని భుజాన వేసుకున్న బాలింత మాత్రం నవ్వలేదు. "పాలపొడి కలపాలక్కా, ఒక్క చెంబు..."

"నీ బిడ్డకి కాబట్టే ఇవ్వను తల్లీ. మా ఇంట్లో నిన్న పట్టినవి బిందెడున్నాయి, తీసుకుపో."

వాల్వు కట్టేసి, వంగి గొట్టం వెంటే చూసుకుంటూ నడిచింది. వెనకాల మేం ఖాళీ బిందెలతో ఊరేగింపు. టీకొట్టు వెనక, మురుక్కాలవ లోపల, రాత్రికి రాత్రి గొట్టానికి అతికించి కొట్టులోకి లాగిన సన్నటి పైపు దొరికింది. అతుకు చుట్టూ సైకిలు ట్యూబు ముక్క చుట్టి ఉంది.

మరిది టీగిన్నె దించి పరిగెత్తుకొచ్చాడు. "గట్టిగానే కట్టాను వదినా. చుక్క కారదు."

"బయటికి కారదురా. నీళ్ళు ఆగినప్పుడల్లా మురుగుని లోపలికి పీలుస్తోంది."

అతను గొంతు తగ్గించాడు. "పదిమందిలో పరువు తియ్యకు. రేపు నేనే తీసేస్తాను."

"మీ అన్నని కూడా రేపు డాక్టరుకి చూపిద్దామనే అనుకున్నాం."

అంతే. మోకాలిలోతు మురుగులోకి దిగి, రంపంతో పైపు కోసి, గొట్టం కన్నం మీద రబ్బరు వేసి పట్టీ బిగించింది.

"ఇవాళ్టితో నీకూ నాకూ చెల్లు!" అన్నాడు మరిది.

"చెల్లితే చెల్లింది. నీళ్ళు మాత్రం నేను చూసినవే తాగు."

మళ్ళీ వాల్వు తిప్పి చాలాసేపు మురికి వదిలేసింది. ఎండ నెత్తికెక్కింది. ఈసారి చుక్కలు పడగానే నీళ్ళు పసుప్పచ్చగా మెరిశాయి. గ్లాసెడు తాగి, మూతి తుడుచుకుని, "ఊఁ, పట్టుకోండి" అంది. ఇస్త్రీబండి ఆవిడ తన బిందె వెనక్కి తీసి బాలింతని ముందుకు తోసింది.

గుటకక్క ఇంటికి పోయి, కాళ్ళు కడుక్కుని, గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. బాలింత బిందె తిరిగిచ్చేందుకు వెళ్ళేసరికి అలాగే ఉంది. చీర అంచు ఇంకా ఆరలేదు. పిలిస్తే పలకలేదు; ఎండలో ఆ చాకిరీకి గుండె ఆగిపోయిందట.

మర్నాడు ఆఫీసు మనిషెవరో వచ్చి వాల్వు తిప్పి వెళ్ళిపోయాడు. కొళాయి ధారకట్టి పోతోంది. బిందెలు మా చంకల్లోనే ఉన్నాయి. అప్పుడు జనంలోంచి దారి చేసుకుంటూ మరిది వచ్చాడు, మొహం ఉబ్బిపోయి. మురికి పోనిచ్చాడు. చుక్కలు వేశాడు. పసుపు రంగు అందరికీ చూపించాడు. గ్లాసు ఎత్తాడు. కళ్ళు గట్టిగా మూసుకుని మింగాడు.

"పట్టుకోండమ్మా."

అప్పట్నుంచీ అతనే. ఇది మనసులో పెట్టుకుని నీ పిల్లలకీ చెప్పు, వాళ్ళు కొళాయి విప్పినప్పుడల్లా గుర్తు చెయ్యి. అటుగా వెళితే ఆ గ్లాసు చూడు. సొట్టలు పడి, అడుక్కి అతికిన గొలుసు కొసన బోర్లా వేలాడుతూ, అంచున ఒక్క నీటిచుక్కని పట్టుకుని ఉంటుంది.