పొజ్జాకి రాయి పాతిన దినం

తెల్లారకముందే జీలుగు చెట్టెక్కి కల్లు దించుడు పొజ్జా పని. సుక్మాకి కిందిదిక్కు, శబరి ఒడ్డు ఊళ్ళల్ల అతనంత ఎత్తు ఎక్కేటోడు లేడు. చెట్టు మీదినుంచి ఉమ్మితే కిందికి చేరేసరికి ఉమ్ము ఎండిపోయేది. నవ్వకండ్రి, నేను కింద నిలబడి చూసిన.

కల్లు దొప్పల పోసుకున్నంక అందరూ చచ్చిన పెద్దల పేరు చెప్పి రెండు చుక్కలు నేల మీద ఒలకబోస్తరు. పొజ్జా ఒక్క చుక్క ఒలకబొయ్యడు. "భూమికి దాహమైతే వానొస్తది గదా" అంటడు. దేవుళ్ళన్నా, చచ్చినోళ్ళన్నా అతనికి లెక్క లేదు. అట్లని ఏ పెండ్లికీ, ఏ కొలుపుకీ రాకుండ ఉండడు. పందిరెయ్యమంటే ఏస్తడు, డోలు కొట్టమంటే కొడ్తడు, దండం పెట్టే యాళ్ళకి మాత్రం ఎడ్లను చూసొస్తనని లేస్తడు. రాజుగారి దసరాకి మా ఊరి వంతొస్తే జగదల్‌పూర్ దాకా పోయి రథం గూడ లాగిండు. "మొక్కినవా?" అనడిగితే, "లాగమన్నరు, లాగిన. మొక్కమని ఎవడూ చెప్పలే" అన్నడు.

ఆ ఏడే పొజ్జా కొడుకు హుంగాకి ఆడపిల్ల పుట్టింది. మా దిక్కు బిడ్డ పుట్టిందంటే చచ్చిన పెద్దల్లో ఎవరో మళ్ళా వచ్చినట్టే. ఎవరొచ్చిండ్రో బిడ్డే చెప్తది. వరసగ పేర్లు పిలుస్తుంటే తన పేరు వినబడంగనే తల్లి రొమ్ము పట్టుకుంటది. ఏ బిడ్డయినా మూడో పేరుకో నాలుగో పేరుకో పట్టుద్ది. ఈ బిడ్డ పట్టలే. పొజ్జా అక్క సన్నే రెండు దినాలు పిలిచింది. తాతలు అయిపోయిండ్రు, తాతల తాతలు అయిపోయిండ్రు, పులి ఎత్తుకపోయిన మేనత్త గూడ అయిపోయింది. బిడ్డ మూతి తిప్పుకునుడే. మూడో దినం పొద్దుగాల ఏడుపు గూడ ఆగిపోయింది.

పొజ్జా బయట కూసొని బుట్ట అల్లుతున్నడు. అల్లిందే విప్పి మళ్ళా అల్లుతున్నడు గని నోరు ఊరుకోదు.

"ఏదో ఒక పేరు పెట్టి నోట్ల పాలు పిండండ్రి! పిల్ల పేరు తాగుతదా, పాలు తాగుతదా?"

"ఒరే పొజ్జా, నోర్ముయ్!" అని లోపల్నుంచి సన్నే అరిచింది.

బిడ్డ గబుక్కున రొమ్ము పట్టింది. గుటక పడ్డ చప్పుడు అందరికీ వినబడ్డది.

"ఏందక్కా?" అన్నడు పొజ్జా.

బిడ్డ వదిలేసింది.

సన్నే మళ్ళా పిలిచింది. పట్టింది. "చెప్పవేందే?" అని పొజ్జా పలికిండు. వదిలింది.

"నీ కేకకి ఉలిక్కిపడ్తది గని పేరుకి కాదు" అన్నడు పొజ్జా.

సన్నే అంతకంటె గట్టిగ "ఒరే మంగ్లూ!" అనరిచింది. మంగ్లూ అంటే మా వడ్డె, దేవుళ్ళతోని మాట్లాడేటోడు. ఆయన ఉరికొచ్చి గుమ్మంల నిలబడ్డడు గని బిడ్డ కదల్లే.

సంగతి విని వడ్డె ఏమీ ఆశ్చర్యపడలే. సంతకి పెందలాడే వచ్చినోణ్ణి అన్నట్టు, "తొందరపడి చావకముందే మళ్ళా వచ్చినవ్‌రా" అన్నడు పొజ్జాని. "పేరు ఒక్కటి, మనుషులు ఇద్దరు. నువ్ పలికినప్పుడల్లా పేరు నీ దిక్కొస్తది. చచ్చినోళ్ళకి చేసినట్టు నీకు సావు చేసి రాయి పాతితే పేరు బిడ్డ దగ్గర నిలుస్తది."

"బతికున్నోడికి పాతితే ఆ రాయి మనిషిని లాక్కపోదా?" అన్నది పొజ్జా పెండ్లాం లక్కే.

"లాక్కపోవచ్చు. ఎవడొప్పుకుండు గనక తెలవనీకి?"

ఆడ కూసున్న మొగోళ్ళందరం నేల దిక్కు చూసినం. మేమంతా నమ్మేటోళ్ళం మరి. పొజ్జా బుట్ట పక్కన పెట్టి లేచిండు.

"రాయి రాయే గదా. పాతుండ్రి. పిల్ల తాగాలె."

లక్కే అతని చెయ్యి పట్టుకుంది. "హుంగా అయ్యా, నువ్వు నమ్మవు. నేను నమ్ముత గదా. నాకు నువ్ పోయినట్టే."

"పోయి ఏడుంట? ఈన్నే ఉంట గదా" అన్నడు పొజ్జా. ఈసారి గొంతు కొంచెం తగ్గింది.

అసుమంటి సావు మా దిక్కు మళ్ళా జరగలే. పన్నెండు మంది ఎత్తలేని రాయిని ఏటి ఒడ్డునుంచి తనే భుజాన ఏసుకొచ్చిండు. గుంత తవ్వేటోళ్ళను "ఇంకో జానెడు తవ్వుండ్రి, పందులు పడేస్తయి" అని తిట్టిండు. ఆడోళ్ళు "రెండెడ్ల మారాజు పోయిండమ్మా" అని ఏడిస్తే, "మూడు! కోడెను మరిచిండ్రు" అన్నడు. అతని పేర కల్లు ఒలకబోస్తుంటే "ఆగండ్రి, మనిషిని ఈన్నే ఉన్న" అని దొప్ప చాపిండు. మేం ఏడవలేక నవ్వలేక చచ్చినం. పేరు మాత్రం ఎవరం ఎత్తలే. కోడలి ఒడిల బిడ్డ కండ్లు మూసుకొని ఉంది.

పొద్దు వాలేసరికి ఆఖరి పని మిగిలింది. పెండ్లాం రాయి ముందు నిలబడి, పోయినోణ్ణి పేరు పెట్టి మూడుసార్లు పిలవాలె. పోయినోడు పలకొద్దు. పలికితే పేరు మళ్ళా ఆయనదే, బిడ్డ దక్కదు. మా దిక్కు ఆడది మొగుడి పేరు నోటితో అనదు. ముప్పై ఏండ్ల కాపురంల లక్కే కొడుకు పేరు మీద "హుంగా అయ్యా" అని పిలుచుడే గని, మొగుడి పేరు ఒక్కసారి అనలే.

"పొజ్జా" అన్నది. కొత్త తిండి నాలుక మీద పెట్టుకున్నట్టు అన్నది.

పొజ్జా నవ్వు ఆగిపోయింది.

"పొజ్జా."

పొజ్జా రెండు చేతులతోని నోరు మూసుకుండు.

"ఓ పొజ్జా!"

ముప్పై ఏండ్లు దాచుకున్న పిలుపంతా ఒక్కసారే బయటికొచ్చింది. ఏటి అవతల చెట్ల మీది కొంగలు లేచినయ్. పొజ్జా చేతులు వాటంతటవే కిందికి జారినయ్. నోరు తెరుచుకుంది. అట్ల పిలిస్తే నిజంగ చచ్చినోడయినా పలుకుతడు. అయిపోయింది, బిడ్డ పోయిందనుకున్నం.

"ఓయ్!"

పలికింది పొజ్జా కాదు. కోడలి ఒడిలోంచి వచ్చిందా మాట. పసిగుడ్డు గొంతు కాదది. జీలుగు చెట్టు కొసన కూసొని ఊరంతటికీ వినబడేటట్టు అరిచే గొంతు. పాతిన రాయి ఇంకో జానెడు దిగి గట్టిగ కూసుంది. బిడ్డ తల్లి రొమ్ము పట్టి తాగుడు మొదలుపెట్టింది, ఇగ వదల్లే.

"ఆఁ, అయింది. ఆడపిల్ల గనక బిడ్డ పేరు పొజ్జే. అన్నాలు పెట్టుండ్రి" అన్నడు వడ్డె. అందరూ తిండికి లేచిండ్రు.

పొజ్జా లేవలే. అప్పుడు రెండు చేతులెత్తి దండం పెట్టిండని కొందరంటరు. అబద్ధం, నేను పక్కనే ఉన్న. పోయి కోడలి ముందర నేల మీద కూసొని, ఆ బిడ్డ తాగుతుంటే చూసిండు, అంతే. రెప్ప ఎయ్యలే. నమ్మినవా అని నేనడగలే. అట్ల చూసేటోణ్ణి ఏమడుగుతం?

లక్కే అన్నం తెచ్చి ముందర పెట్టింది. "హుంగా..." అని మొదలుపెట్టి ఆగింది. పోయిన మొగుడి పేరు అనొద్దని ఏ పెద్దా చెప్పలే మరి.

"పొజ్జా, తిను" అన్నది.

అతను పలకలే, పలకొద్దు గదా. ఆకు దగ్గరికి లాక్కుండు.

ఆ రాయి అతణ్ణి లాక్కపోలే. ఇంకో ఇరవై ఏండ్లు బతికిండు. మా దిక్కు ఊళ్ళల్ల మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన ఆడది లక్కే ఒక్కతే. పొలంలకెళ్ళి పిలిచేది, ఏటి అవతలి గట్టు మీదికెళ్ళి పిలిచేది. ఇంట్లోంచి మనవరాలు పొజ్జే "ఓయ్" అనేది, పొజ్జా చప్పుడు చెయ్యకుండ నడిచొచ్చేటోడు. ఎందుకు పిలిచినవన్నట్టు చూసేటోడు.

చాలాసార్లు పనేం ఉండేది కాదు.