'పోతున్న' అనే పిల్ల

గడప దాటేటప్పుడు మనలో ఎవరూ 'పోతున్నా' అనరు. పాలప్యాకెట్ కోసం సందు చివరికి వెళ్లినా 'వస్తా' అనే అంటారు. ఈ సంగతి ప్రమీలమ్మ తన కూతురు సింధూజకు పలక పట్టిన నాటి నుంచీ చెబుతూనే ఉంది. సింధూజ బుద్ధిగా వింటుంది, చెప్పులు వేసుకుంటుంది, "పోతున్న" అని వెళ్లిపోతుంది.

"వస్తా అను బిడ్డా."

"సాయంత్రం దాక రాను కదమ్మా."

మాణికేశ్వర్ నగర్‌లో మెస్ నడిపే మనిషి ప్రమీలమ్మ. పక్కనున్న యూనివర్సిటీ క్యాంపస్ కుర్రాళ్లు పదిమంది కలిసి వాదించినా నోరు మూయించగలదు. సొంత కూతురి ముందే మాట పడిపోతుంది. చుట్టాలైతే ఆ పిల్లను మొండిఘటం అన్నారు. పెళ్లిలో బ్యాండు మొదలవగానే చెవులు మూసుకుని బయటికి పోతే, చదువుకున్న పొగరన్నారు. ప్రమీలమ్మ అందరికీ ఒకటే చెప్పేది, "మా పిల్లకు తలనొప్పి." ఆ లెక్కన సింధూజకు వచ్చినన్ని తలనొప్పులు హైదరాబాద్‌లో ఇంకెవరికీ వచ్చి ఉండవు.

ఒక మధ్యాహ్నం మెస్‌లో జనం పలచబడ్డాక సింధూజ వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది. యూనివర్సిటీలో ఆమె చెరువు నాచు మీద పరిశోధన చేస్తోంది. నాచు గురించి అడిగితే పొద్దుగూకే దాకా చెబుతుంది. సెమినార్‌లో నలుగురూ ఒక్కసారే ప్రశ్నలు వేస్తే మాత్రం గొంతు పెగలదు. ఆ రోజు కూడా మధ్యలోనే లేచి వచ్చేసింది.

"అమ్మా, పీహెచ్‌డీ ఇడిసిపెడదామనుకుంటున్న. గని ముందుగాల ఒకటి తెల్సుకోవాలె. నాకు ఆటిజం ఉన్నదేమో. తార్నాకల సైకాలజిస్ట్ ఉన్నరు. చిన్నప్పుడు నేనెట్లుంటినో చెప్పనీకి ఇంటి మనిషి కావాల్నట. నువ్వు రావాలె."

ప్రమీలమ్మ చేతిలో గరిటె ఆగింది. "నీకేం రోగం లేదు. గా పేరు పడితే లోకం ఏమంటది?"

"లోకం ఎప్పుడో పేర్లు వెట్టింది కదమ్మా. మొండిది, పొగరుది. అవి నాకు సరిపోత లేవు. సరైన పేరేదో అడుగుదాం."

మాట్లాడుతున్నంతసేపూ సింధూజ గోడనే చూస్తోంది, చేతులు మాత్రం తల్లి కొంగు చివర పట్టుకున్నాయి. అది చూశాక కాదనడానికి ప్రమీలమ్మకు మనసొప్పలేదు.

వెళ్లిందే గానీ ఒక్క ముక్క కూడా బయటపెట్టకూడదని గట్టిగా అనుకునే వెళ్లింది. తార్నాకలో మందుల షాపు పైన ఉంది ఆ గది. సైకాలజిస్ట్ శ్రీలలిత కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి.

"అమ్మాయి చిన్నప్పుడు ఎలా ఉండేదండీ?"

"మంచిగనే ఉండె. అందరి పిల్లల లెక్కనే."

"కాదు," అంది సింధూజ.

శ్రీలలిత నవ్వింది. "పోనీ, మీ ఇంట్లో అందరూ నవ్వుకునే ముచ్చటేదైనా చెప్పండి."

నవ్వుకునే ముచ్చటతో ఏం నష్టమని ప్రమీలమ్మ అందుకుంది. "దీనికి ఐదేండ్లప్పుడు దీని నాయినకు ఆపరేషనైంది. మల్కాజ్‌గిరిల మా అక్క ఇంట్ల దీన్ని దించి, వస్తా బిడ్డా అని దవాఖానకు పోయిన. ఇది గేటు కాడ కూసున్నది. తిననీకి లేవది, పండనీకి లేవది. ఎత్తుకపోయి పండవెడితే పొద్దుగాల మళ్ల గాడనే. నేను మూడో నాడు పోయేదాంక గంతే. మా గేటుకు మంచి వాచ్‌మెన్ దొరికిందని మా అక్క ఇప్పటికీ నవ్వుతది."

శ్రీలలిత నవ్వలేదు. "ఎందుకు కూర్చున్నావు సింధూజా?"

"అమ్మ వస్తా అన్నది కద. నేను లోపట ఉంటే అమ్మ వచ్చింది నాకెట్ల తెలుస్తది?"

ప్రమీలమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ ఇంటిల్లిపాదీ మొండితనం అని నవ్వుకున్నది, ఆ పిల్ల తన మాట మీద పెట్టుకున్న నమ్మకం. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇక దాచకుండా అన్నీ చెప్పింది. తలనొప్పులన్నీ అబద్ధాలేనని కూడా చెప్పింది.

ఇంకా కొన్నిసార్లు పిలిచి మాట్లాడాక, ఆటిజమేనని శ్రీలలిత తేల్చింది. అది రోగం కాదని, మనసు లోకాన్ని అందుకునే తీరే వేరని చెప్పింది. సింధూజ వారం రోజులు ఆ మాటే తలచుకుని, "నేను చెడ్డదాన్ని కాదన్నట్టు," అంది. చెడ్డదానివని నిన్నెవరన్నారని తల్లి అడగలేదు గానీ, ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. గైడ్ వేదవతి మేడమ్‌కు సంగతి చెబితే, ఈసారి ప్రశ్నలు ముందుగా రాసిస్తామని, ఒక్కొక్కరే అడుగుతామని ఒప్పుకుంది.

సెమినార్ రోజున సింధూజ చెప్పులు వేసుకుంది. "పోతున్న."

అలవాటుగా నోటిదాకా వచ్చిన మాటను ప్రమీలమ్మ మింగేసింది. "ఎన్నింటికొస్తవు బిడ్డా?"

సింధూజ గోడ గడియారం చూసింది. "ఐదింటికి వస్తా."

నాలుగు కాకముందే ప్రమీలమ్మ మెస్ పని ఇంకొకరికి అప్పజెప్పి, ఇంటి గేటు దగ్గర కుర్చీ వేసుకుంది. చెప్పిన వేళకే సింధూజ సందు మలుపు తిరిగింది.

"అన్ని ప్రశ్నలకు చెప్పినమ్మా. గీడెందుకు కూసున్నవ్?"

"వస్తా అన్నవ్ కద," అంది ప్రమీలమ్మ.