గింజ రాలే దాకా

చాటను వానలో ఎవరు వదిలేశారన్న దాని మీద ఆ సాయంత్రం అత్తాకోడళ్లకు మాటామాటా పెరిగింది.

“నానితే చాట పాడైతదని ఎన్నిసార్లు చెప్పాలె?” అంది వజ్రమ్మ.

“బియ్యం చెరిగింది మీరే గద అత్తమ్మా. ప్యాకెట్ బియ్యం తెద్దామంటే వద్దన్నది గూడ మీరే. ప్యాకెట్‌ల రాళ్లుండయి,” అంది తేజస్వి.

“సిమెంటు సంచిల గూడ రాళ్లుండయి. తింటవా మరి?”

అరుగు మీద కూర్చున్న పర్వతాలు భార్య మాటకు పకపకా నవ్వాడు. మనవరాలు పూజకు ఏడేళ్లు. “మీరు కొట్లాడకున్రి, నేను తెస్త” అంటూ చెప్పులైనా వేసుకోకుండా పెరట్లోకి ఉరికింది. చాట ఇటుకల కుప్ప మీద ఉంది.

మరుక్షణమే కేక వినబడింది.

పూజ తండ్రి బాలేష్ చెప్పుతో కొట్టి చంపిన తేలు ఎర్రటిది. చిటికెన వేలంత కూడా లేదు. చిన్నదేలే అని మగవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. తేజస్వి మాత్రం పిల్లను ఒళ్లోకి లాక్కుని, “బండి తియ్యున్రి, మేడ్చల్ దవాఖానకు పోదాం” అంది.

బాలేష్ తల్లి వైపు చూశాడు. చూడక ఏం చేస్తాడు? వాళ్ల ఊరు అత్వెల్లిలో తేలు కుట్టిన వాళ్లంతా ముందు వజ్రమ్మ గడపకే వస్తారు. చింతగింజను బండ మీద వేడెక్కేలా రుద్ది కుట్టిన చోట అదిమితే అతుక్కుంటుంది. విషం తాగినంత తాగి, దానంతటదే రాలిపోతుంది. అంతవరకు మనిషిని కదపకూడదు. ఇది వజ్రమ్మకు తల్లి నేర్పిన విద్య.

“గింజ రాలినంక చూద్దాం. ఇప్పుడు కదిలిస్తే విషం పైకెక్కుతది,” అంది వజ్రమ్మ.

తేజస్వి పిల్లకు కుట్టిన పాదాన్ని అత్త ముందుకు చాపింది.

గింజ అతుక్కుంది. కాసేపటికి పూజ ఏడుపు ఆగింది. నొప్పి తగ్గిందా బిడ్డా అంటే తలూపింది. అంతలోనే గింజ రాలి కింద పడింది.

“గిట్ల పెట్టినవో లేదో గట్ల రాలింది! నీ చెయ్యి మామూలుది గాదు వదినె!” అన్నాడు కేక విని వచ్చిన పక్కింటి కుర్మయ్య. పర్వతాలు మీసం దువ్వుకున్నాడు. బాలేష్ ముఖం తేటపడింది.

వజ్రమ్మ వంగి గింజను తీసింది. అది వేళ్ల మధ్య జారింది. ఇన్నేళ్లలో రాలిన గింజలన్నీ పొడిగా రాలినవే. ఇది తడిసి ఉంది. కొంగుతో పిల్ల పాదం తుడిచి, గింజను మళ్లీ రుద్ది అదిమింది. నిలవలేదు. తుడిచిన చోటే చెమట మళ్లీ ఊరుతోంది. పాదం కుండ అడుగులా చల్లగా ఉంది. కుట్టని పాదం పట్టుకుని చూసింది. అదీ అంతే.

గింజ విషం తాగి రాలలేదు. చెమటకు జారింది.

మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. చుట్టూ అందరూ తన చేతినే మెచ్చుకుంటున్నారు. అప్పుడే పూజ భళ్లున వాంతి చేసుకుంది. అయినా ఏడవలేదు. ఊరికే చూస్తూ ఉండిపోయింది.

“బాలా, బండి తియ్యి,” అంది వజ్రమ్మ.

“రాలింది గదనే అమ్మా...”

“రాలలే, జారింది! జల్దీ తియ్యిరా, నీ కాళ్లు మొక్కుత!”

బాలేష్ ట్రాలీ ఆటో హైవే ఎక్కేసరికి కాలేజీ బస్సులు వరుసగా ఎదురయ్యాయి. బాలేష్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. వెనకాల తేజస్వి ఒళ్లో పూజ రొమ్ము కోడిపిల్ల రొమ్ములా ఎగిరెగిరి పడుతోంది. పెదవుల రంగు మారింది. వజ్రమ్మ ఆ పాదాలను తుడుస్తూనే ఉంది, అవి తడుస్తూనే ఉన్నాయి. కోడలు తిట్టినా బాగుండు అనిపించింది.

“కుట్టి ఎంతసేపైంది? ఇంతసేపు ఏం చేస్తున్నారు?” అని దవాఖానలో డాక్టరమ్మ గద్దించింది. తేజస్వి తల దించుకుంది.

“నేనే ఆపిన,” అంది వజ్రమ్మ.

“నొప్పి లేదని మురిసిపోయారా? ఎర్ర తేలు కుడితే కొందరు పిల్లలకు నొప్పి కన్నా చెమటలు, వాంతులే ఎక్కువ. గుండె దెబ్బ తింటుంది,” అంటూనే ఆమె మాత్ర వేయించి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టించింది. ఇప్పుడే ఏమీ చెప్పలేనంది. మర్నాడు మధ్యాహ్నానికి గానీ పూజ పాదాలు వెచ్చబడలేదు.

పిల్లను ఇంటికి తెచ్చిన రోజు కుర్మయ్య చూడటానికి వచ్చాడు. చంకలో దోగాడే వయసు మనవడు.

“సగం విషం నీ గింజనే గుంజింది వదినె. లేకుంటే బిడ్డ దవాఖాన దాకా గూడ దక్కకపోవు. మాకు నువ్వున్నవన్న ధైర్యమే వేరు.”

పోయిందనుకున్న భయం వజ్రమ్మకు మళ్లీ చుట్టుకుంది. ఆమె చూపు ఆ పసివాడి లేత కాళ్ల మీదే నిలిచింది.

ఆ పూట అన్నాలకు కూర్చున్నప్పుడు తేజస్వి పప్పుచారు పోస్తుంటే వజ్రమ్మ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇగ నేను గింజ పెట్ట.”

“పెట్టకు తియ్,” అన్నాడు పర్వతాలు ముద్ద కలుపుతూ. “మెల్లగ బంద్ జెయ్. ఊరందరికి చెప్పుడెందుకు?”

“చెప్పకుంటే ఇంకోళ్ల దగ్గర పెట్టిచ్చుకుంటరు. తేలు కుట్టిందని ఎవరొచ్చినా బాలేష్ బండి తీస్తడు. నేను గూడ ఎక్కుత. నన్ను నమ్మి వచ్చేటోళ్లు, నేను ఎక్కితేనే ఎక్కుతరు.”

“మరి నీ పరువు?”

“పోనియ్. పొద్దుగాల కుర్మయ్య ఇంటికి నేనే పోత. బిడ్డ సల్లబడుతుంటే దవాఖానకు పోనియ్యకుండ ఆపింది నేనేనని నా నోటితోనే చెప్త.”