గోడ మీది బోర్డు

గుర్రం మీద నుంచి పడి మా చెల్లి జోలీన్ తుంటి విరిగింది. మూడో రోజున నేను ఆ గుర్రాన్ని అద్దెకిచ్చిన గుర్రపుశాలకు వెళ్లాను. నోరు తెరవకముందే యజమాని ఓర్విల్ గోడ మీది బోర్డు చూపించాడు.

“చదువుకో తల్లీ. గుర్రం బెదిరినా, తన్నినా, పడేసినా మా బాధ్యత లేదు. కెంటకీ చట్టమే చెప్పింది.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. నిన్నగాక మొన్న తగిలించాడేమోనని బోర్డు మేకులు చూశాను. తుప్పు పట్టి ఉన్నాయి. అక్షరాలు కూడా ఎండకు వెలిసిపోయాయి.

“గుర్రం బెదరలేదట. జీనే పక్కకు జారిపోయిందట. ఏదీ, ఆ జీను చూపించండి.”

“చూసుకోవమ్మా, నాకేం భయం? పదేళ్లుగా వాడుతున్నదే. ఏమీ మార్చలేదు.”

జీను తోలు బీటలు వారి ఉంది. గుర్రం పొట్ట కింద బిగించే పట్టీ మాత్రం నిగనిగలాడుతోంది, ఇంకా దుకాణం వాసన పోలేదు. నాకు ఒళ్లు మండింది.

“బోర్డంతా గుర్రం చేసే తప్పులే రాశారు బాబాయ్, తెగిన పట్టీ మాట ఎక్కడా లేదే! పాత పట్టీ ఏది?”

ఓర్విల్ వేలు మళ్లీ బోర్డు వైపే లేచింది.