శ్రమకాలపు బిర్యానీ

ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలంలో బందరు విశ్వాసులు వంతులవారీగా ఇళ్ళల్లో ఉపవాస కూడికలు పెట్టుకుంటారు. ప్రార్థన అయ్యాక ఉపవాసం విడిచే పేరుతో ఇంటింటా పోటీలుపడి విందులు చేస్తుంటే జ్ఞానమ్మకు ఒళ్ళు మండిపోతోంది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం వెళ్ళాక ఆమె వంతు వచ్చింది. ఆ పొద్దున్నే సంఘపెద్ద భార్య సుచిత్ర ఫోన్ చేసింది.

"నిన్న మా ఇంట్లో రొయ్యల వేపుడు పెట్టామండీ. మీరేం చేయిస్తున్నారు?"

"బిర్యానీ," అంది జ్ఞానమ్మ పళ్ళు నూరుతూ.

సాయంత్రం పాస్టరుగారు శ్రమకాలం ఎలా పుట్టిందో చెప్పారు. తొలి శతాబ్దాల్లో ఈస్టరునాడు బాప్తిస్మం పొందబోయేవాళ్ళతోపాటు సంఘమంతా ఉపవాసం ఉండేదట. తాము తినకుండా మిగిల్చింది ఆకలితో ఉన్నవాళ్ళకు పెట్టేవారట. అందరూ గట్టిగా "ఆమెన్" అని, వంటింటి వైపు చూశారు.

జ్ఞానమ్మ మంచినీళ్ళు తెచ్చింది.

"బిర్యానీ ఏదండీ?" అంది సుచిత్ర.

"గిలకలదిండి జాలరిపేటకు వెళ్ళిపోయింది. సముద్రంలో చేపల వేట నిషేధం కదా, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, అక్కడ పిల్లలు పస్తులుంటున్నారు. ఈ చరిత్ర అయ్యగారు ఏటా చెప్తూనే ఉన్నారు, మనం ఏటా ఆమెన్ అంటూనే ఉన్నాం. సిగ్గుండక్కర్లేదూ?"

పాస్టరుగారు తలవంచుకున్నారు. సుచిత్ర మాత్రం ఉండబట్టలేక, "మరి మేమంతా ఏం తినాలండీ?" అంది.

"మీరు ఉపవాసం కదండీ!"