స్టేజీ కాడ గిన్నెల వరస

"ఏయ్ గఫూర్! మీ అక్కను ఎక్కమను రా! ఎనిమిదికి గొలుసు పడ్తాది!" అని అరిచినాడు ఓబులేసు మేస్త్రి. రాజ్‌దూత్ మోటారు బండిని ఆపనే లేదు, అట్లనే గుర్రుమనిపిస్తాండాడు. మా అక్క జానీబీ ఎక్కలే. సద్ది గిన్నె నెత్తిన పెట్టుకొని నడకెత్తుకుంది. ఏడు మైళ్లు నడిచి పోతే గొలుసు పడనే పడింది. మళ్లీ ఏడు మైళ్లు ఎనిక్కి నడిచొచ్చింది.

ఆడ్నుంచి మొదులుపెడ్తాండా అప్పా. మీరు ప్రొద్దుటూరు కాలేజీలో సదువుకుంటాండేటోళ్లు. నేను నాపరాయి గనిలో సుత్తి పట్టేటోన్ని. నాకు మీటింగుల్లో మాట్లాడేది తెలియదు, కోపం మాత్రం శానా జాస్తి. మీ సంఘమోళ్లు "జరిగింది జరిగినట్టు చెప్పు గఫూర్" అన్నారని వచ్చినా. ఇనండి.

మా పల్లె జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే దావలో ఉండాది. పొద్దున ఎనిమిదికి గనిలోకి దిగే బాటకు అడ్డంగా ఇనప గొలుసు కడ్తారు. కట్టినాక ఎవడొచ్చినా, కాళ్లు పట్టుకున్నా, ఇంటికి పోవాల్సిందే. మూడుసార్లు అట్ల పోతే పేరు కొట్టేస్తారు. మా దావలో పొద్దున పూట ఒగటే బస్సు. ఆరుకు రావల్ల. ఒగ దినం ఏడున్నరకు వస్తాది, ఒగ దినం తొమ్మిదికి వస్తాది. పెండ్లిండ్ల కాలంలో అసలుకే రాదు, పెండ్లోళ్లను ఏసుకొని యాడికో పోయుంటాది.

అందుకని గని ఓనరు రొండు రాజ్‌దూత్‌లు కొని మేస్త్రిలకిచ్చినాడు. ఎనక ముగ్గురు, తోలేటోనితో నలుగురు. ఎనిమిదిలోపల ఒక్కో మేస్త్రి నాలుగు ట్రిప్పులు కొట్టాల. ఓనరు మాకు ఉపకారం చేస్తాండాడని మేమే సలాం కొట్టినాం, తిక్కోళ్లం! బస్సు సరిగ్గా వస్తే మేము గొలుసు లేని గనులు ఎతుక్కొని పోతామని ఆయప్పకు తెలుసు. అది మాకు శానా దినాలకు గాని అర్థం కాలే.

అక్కకు బండంటే భయం. మొగుడు సచ్చిపోయినాక గనిలో నాపరాయి పలకలు మోసి బిడ్డ మున్నీని సాకుతాండాది. పని కాడ మొగోళ్లకు తీసిపోదు, నోరు గుడక అంత పెద్దది. బండి కాడికొచ్చేసరికి మాత్రం ఎనక్కి జరిగేది. ఆడోళ్లను చివర్లో ఇనప క్యారియర్ మీద ఒగ పక్కకు కూర్చోబెట్టేటోళ్లు. ఒగ చేతిలో గిన్నె, ఇంగో చెయ్యి ముందున్నోళ్ల భుజం మీద. కొంగు చక్రంలో పడకుండా పండ్లతో కరిచి పట్టుకోవల్ల. "నోట్లో కొంగుంటే అల్లా అనేదానికి గుడక లేదు రా" అనేది. మేము నవ్వేటోళ్లం.

గొలుసు రొండోసారి పడిన దినం అక్క ఇంటికి రాలే. నేరుగా బడి అయ్యవారు రామమూర్తి ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంది. "ఆరు గంటలకు బస్సు కావాలని అర్జీ రాసియ్యి అయ్యవారూ. రాసిందాకా నేను లేయను" అనింది. ఆయన భయస్తుడు, ఉద్యోగం పోతాదని బెదురు. అయినా రాసినాడు. మొదటి వేలిముద్ర అక్కది. దాని కింద ఇంగా నలభై రొండు.

రొండు నెలలకు బస్సు డిపో నుంచి జవాబొచ్చింది. శుక్రవారం పొద్దున ఆఫీసరు వస్తాడు, స్టేజీ కాడ ఎంతమంది ఉండారో లెక్కబెడ్తాడు, జనముంటే బస్సేస్తారు. ఆ కాగితం చదివినప్పుడు అక్క మొగం చూడాల్సింది మీరు. మున్నీని ఎత్తుకొని ఈది ఈదంతా తిరిగి చెప్పొచ్చింది.

మా స్టేజీ కాడ ఒగ అలవాటుండాది. బస్సు ఎప్పుడొస్తాదో తెలియదు, ఎంతసేపని నిలబడ్తాం? సద్ది గిన్నెలు వరసలో పెట్టి, బడి గోడెనక పోయి కూర్చుంటాం. గిన్నె ఉంటే మనిషి ఉన్నట్టే. నిన్న జుట్లు పట్టుకొని కొట్లాడుకున్నోళ్లు గుడక ఒగరి గిన్నెను ఇంగొగరు జరపరు.

బేస్తవారం పొద్దున ఒగ జీపొచ్చింది. శుక్రవారం కాదు, బేస్తవారం! ముందర కూర్చున్నోనిది ఖాకీ చొక్కా. అంతకు ముందు వారమే రాళ్ల లారీ ఎక్కి పోతాండామని పోలీసోళ్లు మమ్మల్ని దించి లాఠీలతో కొట్టినారు. నా ఈపు మీద ఆ వాతలు ఇంగా మానలే. జీపు చూడగానే నేనే అరిచినా. "పోలీసోళ్లు! నక్కండి! ఎవురూ బయటికి రావద్దండి!" అని. నలభై మందిమి గోడకు అతుక్కొని ఊపిరి బిగబట్టినాం.

స్టేజీ కాడ మిగిలింది నలుగురు ముసలోళ్లు. దిగినోడు పోలీసు కాదు, బస్సుల ఆఫీసరు. లెక్కబెట్టినాడు, రాసుకున్నాడు. అయ్యవారు సంగతి తెలిసి పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చేసరికి జీపు కదులుతాండాది.

"సార్, సార్! నలభై గిన్నెలున్నాయి చూడండి. ఒక్కో గిన్నెకు ఒక్కో మనిషి సార్" అన్నాడు అయ్యవారు.

"గిన్నెలకు టికెట్ కొట్టరయ్యా. నేను కళ్లతో చూసిందే రాస్తాను" అన్నాడు ఆఫీసరు.

"రేపు కదా సార్ మీరు రావాల్సింది?"

"రేపు నాకు వేరే పనుంది."

జీపు పోయింది. మేము గోడెనక నుంచి ఒగరెనక ఒగరు బయటికొచ్చినాం. అక్క నన్ను తిట్టలే. తిట్టింటే బాగుండు.

సోమవారం పొద్దున బస్సు రాలే. ఏడయింది. ఇంగొగసారి గొలుసు పడితే అక్క పేరు పోతాది. ఓబులేసు బండి ఆపినాడు. ముందర ఒగడు, నడుమ అక్కతో పాటు పలకలు మోసే మునెమ్మ, చివర చోటు ఖాళీ. అక్క నా దిక్కు చూసింది.

"ఏం రా, ఎక్కమంటావా?"

"ఎక్కక్కా, ఏం కాదు" అన్నా.

ఎక్కింది. కొంగు కరిచి పట్టుకుంది. నేను ఎనక బండి మీద ఉండా. మూడు మైళ్లు పోయినాక కాలవ మీది మోరీ కాడ ఎదురుగా రాళ్ల లారీ వచ్చింది. సగం దావ గుంతలే. ఓబులేసు పక్కకు దించినాడు, గరుసు మీద చక్రం జారింది. నలుగురూ పడినారు. ఓబులేసు కాలు ఇరిగింది, మునెమ్మ చెయ్యి ఇరిగింది. అక్క తల మోరీ రాయికి తగిలింది. నేను పోయి చూసేసరికి కండ్లు తెరిచే ఉండాది, కొంగు పండ్ల మధ్యనే ఉండాది. ఏమో చెప్పాలని చూస్తాండాది. కొంగు తీసినా, మాట రాలే.

ఓబులేసు కింద పడి ఏడుస్తాండాడు. "నాలుగు ట్రిప్పులు కొట్టకపోతే నన్ను తీసేస్తారు రా గఫూర్, నేనేం చేసేది రా" అని. కొట్టాలని పోయినా వాన్ని. చెయ్యి లేయలే.

జమ్మలమడుగు ఆస్పత్రికి తీసకపోయేదానికి ఏ బండీ లేదు. ఆ రాళ్ల లారీనే ఆపుకొని, నాపరాళ్ల మీద అక్కను పండబెట్టినాం. తల నా ఒళ్లో పెట్టుకున్యా. మా పల్లె దాటినాక బస్సు ఎదురొచ్చింది. ఎనిమిది దాటింది అప్పటికి. అరబస్సు ఖాళీ. టౌను చేరకముందే అక్క పోయింది.

"మనిషి సరిగా కూర్చోక పడింది" అని పోలీసు స్టేషన్లో రాసుకున్నారు. ఓనరు మనిషి వచ్చి మున్నీ చేతిలో బిస్కట్ల పొట్లం పెట్టి పోయినాడు. ఆ బిడ్డ ఒగటి తిని, మిగిలినవి అమ్మకని దాచిపెట్టింది.

నాలుగో దినం బడి కాడ అందరం కూడినాం.

"ఇంగ ఎవురూ బండెక్కకూడదు" అని ఎవరో అన్నారు.

"ఎక్కకపోతే పేర్లు పోతాయి. నాకు నలుగురు బిడ్డలప్పా" అన్నాడు నాతో సుత్తి పట్టే వలి బాషా.

మునెమ్మ కట్టు కట్టిన చెయ్యి పట్టుకొని లేసింది. "పేరు పోతాదా? జానీబీ పేరు యాడుండాది ఇప్పుడు?" అనింది.

నేను ముందరికొచ్చినా. "నక్కమన్నది నేనే. ఎక్కమన్నది నేనే. నా అక్కను నేనే సంపుకున్యా" అన్నా. ఏడుపు ఆగలే, సిగ్గిడిచి ఏడ్చినా.

"నీ ఒక్కని తప్పయితే ఎంత బాగుండు రా నాయనా" అనింది మునెమ్మ. "ఖాకీ చొక్కా చూసి నలభై మందిమి నక్కినాం. కొట్టి కొట్టి నక్కేది నేర్పించినారు మనకు. సోమవారం నేను నక్కను. మీరు నక్కుతారో లేదో చెప్పండి."

వలి బాషా లేసి మునెమ్మ పక్కకొచ్చి, "నేనూ నక్కను" అన్నాడు.

సోమవారం ఆరుకు రోడ్డుకు అడ్డంగా గిన్నెలు పెట్టినాం. ఒక్కో గిన్నె ఎనక దాని మనిషి. అక్క గిన్నె మూత మోరీ కాడే పోయింది. మూత లేని ఆ గిన్నెను మునెమ్మ మొదట పెట్టింది. కొత్త మేస్త్రి బండేసుకొని వచ్చి "ఎక్కండి, ఎక్కండి" అని గొంతు పోయేట్టు అరిచినాడు. ఒక్కరూ కదల్లే. ఓబులేసు గుడక కర్ర పొడుచుకుంటా వచ్చి వరసలో చివర తన గిన్నె పెట్టినాడు. అందరూ నన్ను చూసినారు. నేను జరిగి ఆయప్పకు చోటిచ్చినా.

తొమ్మిదికి పోలీసు వ్యాను వచ్చింది. "తప్పుకోండి! ఎవరు మీ లీడరు?" అని ఎస్సై కేకలేసినాడు.

"లీడరు ఆ గిన్నెది. మూత లేదు చూడు, అది" అనింది మునెమ్మ. "లెక్కబెట్టుకో సారూ. ఈపొద్దు గిన్నెలూ ఉండాయి, మనుషులూ ఉండాం."

లాఠీలు లేసినాయి. పదకొండు మందిమి పన్నెండు దినాలు జైల్లో ఉంటిమి. బయటికి వచ్చేసరికి అందరి పేర్లూ గనిలో కొట్టేసినారు. ఆరు గంటల బస్సు ఇంగా రాలే. ఇంగో పల్లె నుంచి మనుషులను తెచ్చుకొని అవే బండ్ల మీద ముగ్గురు ముగ్గురిని తోల్తాండారు. ఏం గెలిచినారు అని మీరడగొచ్చు. మున్నీ సందేళ సందేళ స్టేజీ కాడికి పోయి కూర్చుంటాది. దాన్ని పిల్చుకొచ్చేది నాకు శాతకాదు.

అయితే ఒగటి. మేము జైల్లో ఉన్న పన్నెండు దినాలూ మా ఆడోళ్లు పొద్దున ఆరుకు గిన్నెలు పెట్టి నిలబడినారు. మొన్న ఆ కొత్తోళ్లలో గుడక ఇద్దరు ఆడోళ్లు మేస్త్రి బండి దిగొచ్చి మా వరసలో నిలబడినారు.

వచ్చే శుక్రవారం ఆఫీసరు మళ్లీ వస్తాడంట. బేస్తవారమే వస్తాడేమో, ఎవునికి తెలుసు. మీరు రొండు దినాలూ రాండి. గిన్నె పెట్టేసి గోడెనకకు పోవద్దండి. ఖాకీ చొక్కా కనపడినా కదలొద్దండి. మా అక్క గిన్నె ముందర ఉంటాది, దాని ఎనక నేనుంటా.